అంబాసిడరా, పద్మినీయా, మారుతి 800నా, జీపా? తక్కువ డబ్బుతో ఇంటి దగ్గరే పాత కారు బాగు చేసుకోవాలనుకునే తిరుపతి, చిత్తూరు వాళ్లకు

చేతిలో లక్షన్నర, మహా అయితే రెండు లక్షలు. ఇంటి పక్కన ఒక రేకుల షెడ్డు. ఆదివారాలు ఖాళీ. వీటితో ఒక పాత కారు కొని మళ్లీ రోడ్డెక్కించొచ్చా అంటే ఎక్కించొచ్చు. కాకపోతే ఆ బండి ఏడాది తిరిగేసరికి అలిపిరి దాకా వస్తుందా, షెడ్డులోనే ఉండిపోయి కోళ్లకు గూడవుతుందా అన్నది మీరు ఏ కారు ఎంచుకున్నారు, ఏం చూసి ఎంచుకున్నారు అన్నదాని మీదే ఉంటుంది.

మన వైపు ఈ డబ్బుకు నిజంగా దొరికేవి నాలుగు: అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత మారుతి 800, మహీంద్రా జీపు. కాంటెస్సా, స్టాండర్డ్ హెరాల్డ్ గురించి కూడా అడిగేవాళ్లు ఉంటారు, వాటి సంగతి మధ్యలో రెండు ముక్కల్లో చెప్తాను.

బండి పేరు కన్నా ముందు చూడాల్సినవి

మొదటిది రేకు. ఆటోనగర్‌లో జుట్టు నెరిసిన మెకానిక్ ఎవరినడిగినా ఒకటే మాట: "రేకు బాగుంటే తీసుకో సామీ, ఇంజిన్‌దేముంది, నేను చూసుకుంటా." ఇంజిన్ పనికి ఒక హద్దు ఉంటుంది. రీబోర్ (అరిగిన సిలిండర్లను మళ్లీ తొలవడం), పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ పని, గ్యాస్కెట్లు, లేత్ కూలీ అన్నీ ముందే కాగితం మీద రాసుకుని కూడుకోవచ్చు. రేకు పని అలా కాదు. ఒక చోట ప్యాచ్ వేద్దామని కోస్తే దాని వెనక ఇంకోటి పేలపిండిలా రాలుతుంది, అది కోస్తే ఇంకోటి. పైగా జీపు తప్ప మిగతా మూడింటికీ విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. కింద తుప్పు తినేసిందంటే బండి వెన్నెముకే పోయినట్టు.

చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక చిన్న అయస్కాంతం, ఒక పాత స్క్రూడ్రైవర్, టార్చి పెట్టుకోండి. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి మడ్‌గార్డ్ అంచులు, డోర్ కింది భాగం, డిక్కీ అంచు మీద మెల్లగా జరపండి, అంటుకోని చోటల్లా మందంగా పుట్టీ ఉన్నట్టే, కింద రేకు పోయి ఉండొచ్చు. తర్వాత మ్యాట్ ఎత్తి ఫుట్‌బోర్డును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. అమ్మేవాడు మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనివ్వండి. ఆఖరి పరీక్ష జాకీ. డోర్ కింద ఉండే బాక్సు మధ్యలో జాకీ పెట్టి కొంచెం ఎత్తి ముందు డోరు తెరిచి మూయండి. ఎత్తకముందు సాఫీగా పడిన డోరు ఎత్తాక పట్టేస్తుంటే, లేదా జాకీయే రేకులోకి దిగిపోతుంటే, ఆ బండికి ఒక దణ్ణం పెట్టి వచ్చేయండి. ఇంజిన్ ఎంత మెత్తగా తిరుగుతున్నా సరే.

ఇక్కడ మనకు ఒక లాభం ఉంది. మదనపల్లె, పలమనేరు, పుంగనూరు వైపు పొడి గాలిలో ఉన్న బండ్ల రేకు, చెన్నై, నెల్లూరు సముద్రపు గాలి తిన్న బండ్ల రేకు కన్నా మామూలుగా బాగుంటుంది. ధర కాస్త ఎక్కువ చెప్పినా మదనపల్లె వైపు నుంచి దిగిన బండే నయం.

రెండోది కాగితాలు. సొంత కారు ఆర్‌సీ పదిహేనేళ్లకు అయిపోతుంది, తర్వాత ఐదేళ్లకోసారి బండి చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. దాని మీద గ్రీన్ ట్యాక్స్, ఆలస్యానికి జరిమానా, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. అంటే పాతిక వేలకు కారు వచ్చిందని సంబరపడే లోపే కాగితాలు దాని సగం ధర తినేయొచ్చు. చేతిరాత ఆర్‌సీ పుస్తకం మాత్రమే ఉంటే ఆ నంబరు ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో కనిపిస్తోందో లేదో ముందు చూడండి, కనిపించకపోతే ఆర్టీవో ఆఫీసులో ఎక్కించుకున్నాకే డబ్బు ఇస్తానని అమ్మేవాడికి చెప్పండి. ఆర్‌సీ మీద ఉన్న పెద్దాయన పోయి ఏళ్లయి, మనవడు అమ్ముతున్నాడంటే, ముందు వారసుల పేరుకు ఫారం 31తో మారాలి, ఆ తర్వాతే మీ పేరుకు. వేలూరు నుంచి తమిళనాడు బండి తెచ్చుకుంటే ఫారం 28తో ఎన్‌ఓసీ, ఆపైన ఇక్కడ లైఫ్ ట్యాక్స్. ధరలో కనిపించే తేడా చాలాసార్లు ఇక్కడే కరిగిపోతుంది.

యాభై ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబరులో "వీఏ" వస్తుంది, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజూ తిరగకూడదు, బండి అసలు రూపంలో ఉండాలి. చిన్న బడ్జెట్ వాడికి, వారానికోసారైనా పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలనుకునేవాడికి, అది పనికొచ్చే దారి కాదు.

మూడోది సామాన్ల దూరం, నాలుగోది మీ ఇంట్లో చోటు. సామాన్ల విషయంలో మనం అదృష్టవంతులం: తిరుపతి నుంచి చెన్నైలో కారు సామాన్ల బజార్లయిన పుదుపేట, జీపీ రోడ్డు దాదాపు నూట నలభై కిలోమీటర్లు, పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇల్లు. చిత్తూరు వాళ్లకు బెంగళూరులో అలాంటిదే అయిన జేసీ రోడ్డు నూట ఎనభై దాకా ఉంటుంది. ఒక పక్క పాత సామాన్ల గుట్టలు, ఇంకో పక్క కొత్త స్పేర్లు. కడప వాళ్లకు ఈ సుఖం లేదు.

ఒక్క చూపులో

| చూడాల్సింది | అంబాసిడర్ | పద్మిని | మారుతి 800 (కార్బరేటర్) | డీజిల్ జీపు |
|---|---|---|---|---|
| ఇంజిన్ | 1489 సీసీ పెట్రోల్, తర్వాత 1817 సీసీ ఐసుజు. డీజిల్ కూడా | 1089 సీసీ పెట్రోల్ | 796 సీసీ, మూడు సిలిండర్లు | ఎంఎం 540లో 2112 సీసీ ప్యూజో |
| తయారీ ఆగింది | 2014 | 2000 ప్రాంతం | 2014 (కార్బరేటర్‌వి అంతకుముందే) | మోడల్‌ను బట్టి |
| పొడవు | 14 అడుగుల పైన | 13కు కాస్త తక్కువ | 11 | మోడల్‌ను బట్టి |
| రేకు పని | ఎక్కువ, కానీ మందపు రేకు | ఎక్కువ, కష్టం | పల్చటి రేకు, తక్కువ విస్తీర్ణం | అన్నిటికన్నా సులువు |
| ఇంజిన్ సామాన్లు | దొరుకుతాయి | వెతకాలి | మూల మీది షాపులోనే | దొరుకుతాయి |
| క్రోమ్, గ్లాసు, రబ్బర్లు | ఓపిక ఉంటే దొరుకుతాయి | ఇదే అసలు తలనొప్పి | సులువు. మొదటి మోడల్‌వి కష్టం | పెద్దగా ఉండవు |
| కాగితాల చిక్కు | పాత ట్యాక్సీ అయితే ఉంది | పెద్దాయన పేరు మీద ఉండిపోవడం | తక్కువ | ఎక్కువ |

అంబాసిడర్

బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అచ్చులోంచి వచ్చిన బండి, ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా చేసింది. అంత కాలం చేసిన బండి కాబట్టి ఇంజిన్, గేరు, బ్రేకు సామాన్లకు కొరత లేదు. బానెట్ ఎత్తితే ఇంజిన్ చుట్టూ చెయ్యి పెట్టుకునేంత చోటు ఉంటుంది, నేర్చుకునేవాడికి ఇది చాలా పెద్ద విషయం. పాత 1489 సీసీ ఇంజిన్‌కు ఒక ఫీలర్ గేజ్ (సన్నని ఖాళీలు కొలిచే రేకుల కట్ట) కొనుక్కుంటే చాలు, డెల్కోలో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) పాయింటు గ్యాప్, వాల్వు ట్యాపెట్ గ్యాప్ రెండూ సుమారు 0.38 మిల్లీమీటరు దగ్గర పెట్టుకుని, కార్బరేటర్ కడిగితే సగం బండ్లు స్టార్టు అవుతాయి.

చిక్కు ఎక్కడంటే బరువు. డోరు ఒక్కటి ఊడదీయాలన్నా ఇద్దరు కావాలి. డోర్ల కింది బాక్సులు, డిక్కీలో స్టెప్నీ కింది రేకు, ముందు టార్షన్ బార్లు (స్ప్రింగుల్లా మెలితిరిగే కడ్డీలు) వెనక్కి వచ్చి కూర్చునే చోటు, వెనక కమాన్ కట్టల హ్యాంగర్లు: ఈ నాలుగూ గట్టిగా ఉంటే తీసుకోండి. టార్షన్ బారు కూర్చునే చోట రేకు మెత్తబడిన బండిని మాత్రం ఇంటి దగ్గర ముట్టుకోకండి. ఆ బారులో బండి ముందు వైపు బరువు మెలిపడి ఉంటుంది, అది జారితే చేతులు విరుగుతాయి.

మన ఊరికే ఉన్న ఇంకో మెలిక: యాత్రికుల్ని తిప్పిన ట్యాక్సీ అంబాసిడర్లు ఇక్కడ చాలా తిరిగాయి. పసుపు ప్లేటు తీసేసి తెల్ల ప్లేటు తగిలించినంత మాత్రాన సొంత బండి అయిపోదు, పర్మిట్ సరెండర్, పన్ను బాకీలు తీరాయన్న కాగితం, ఆర్‌సీలో క్లాసు మార్పు ఉండాలి. ఇవి లేకుండా "అన్నీ మేమే చూసుకుంటాం సార్" అంటే చూసుకోరు.

నా మట్టుకు నేనైతే ఐసుజు ఇంజిన్ ఉన్నదానికి కొంచెం ఎక్కువ పెడతాను. నేల మీద గేరు రాడ్డు, ఐదు స్పీడ్లు, ఎండాకాలం కొండదారిలో కూడా మనశ్శాంతి. కానీ స్టీరింగు పక్కన చేతి గేరు ఉన్న అంబాసిడరే అసలు అంబాసిడర్ అనేవాళ్లతో వాదించను, వాళ్లన్నదీ నిజమే.

ప్రీమియర్ పద్మిని

ఇటలీ ఫియట్ 1100 బొంబాయి కుర్లాలో తయారవుతూ, 1970ల మధ్యలో పద్మిని అయింది. చూడటానికి నాలుగింట్లో ఇదే అందమైనది, ఇందులో రెండో మాట లేదు. అంబాసిడర్ కన్నా తేలిక, స్టీరింగు చలాకీగా ఉంటుంది, సన్న సందుల్లో తిప్పొచ్చు.

డబ్బు మాత్రం ఇదే ఎక్కువ తాగుతుంది, అదీ మీరు ఊహించని చోట. ఇంజిన్‌కు కాదు, ముందు గ్రిల్లు, డోరు పట్టీలు, లైట్ల రింగులు, గ్లాసు రబ్బర్లు, డోరు హ్యాండిళ్లకు. ఒక్కో క్రోమ్ పట్టీ కోసం పుదుపేటలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగి ఎడమ వైపుది మాత్రమే దొరికి రావడం మామూలే. ముంబయిలో ఆఖరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది, అంటే సామాన్లకు ఉన్న పెద్ద గిరాకీ పోయింది, చేసేవాళ్లూ తగ్గుతారు. కాబట్టి పద్మిని కొనేటప్పుడు లెక్క తిరగేయండి: ఇంజిన్ పట్టేసి ఉన్నా పర్వాలేదు, క్రోమ్, గ్లాసులు, డ్యాష్‌బోర్డు పూర్తిగా ఉన్న బండి తీసుకోండి. నడుస్తుంది గానీ సామాన్లు ఊడిపోయిన బండి, నడవదు గానీ అన్నీ ఉన్న బండి, ఇవి రెండూ ఒకే ధరకు ఎదురైతే ఆలోచన అక్కర్లేదు, రెండోదే.

కాంటెస్సా, హెరాల్డ్ కూడా ఇదే కోవలోకి వస్తాయి, ఇంకాస్త ముదిరిన స్థాయిలో. కాంటెస్సా ఇంజిన్‌కు భయం లేదు, బాడీ సామాన్లకు ఉంది. హెరాల్డ్‌కు విడి ఛాసిస్ ఉంది కాబట్టి పని చేయడం సరదాగా ఉంటుంది, కానీ 1970ల తర్వాత రాని బండి. మొదటి బండిగా రెండూ వద్దు.

మారుతి 800

"ఇది క్లాసిక్ ఏంటి, మా మావయ్య దగ్గర మొన్నటి దాకా ఉండేది" అనేవాళ్లకు ఒక్క లెక్క: మొదటి 800 తాళాలు ఇచ్చింది 1983 డిసెంబరు 14న. నలభై ఏళ్లు దాటింది. చదును ముక్కు ఉన్న మొదటి ఎస్ఎస్80 ఇప్పుడు దొరికితే దాచుకోవాల్సిన బండి, 1986లో వచ్చిన రెండో రూపం ఇంకా అందుబాటులో ఉంది.

చిన్న బడ్జెట్‌తో, ఇంట్లో, మొదటిసారి చేసేవాడికి నేను చెప్పేది ఇదే. ఎందుకంటే ఇది పూర్తవుతుంది. ఇద్దరు మనుషులు ఇంజిన్‌ను చిన్న చైన్ పుల్లీతో దించగలరు, బండి మొత్తం ఏడు వందల కిలోలు లేదు, పొడవు పదకొండు అడుగులే కాబట్టి చిన్న పోర్టికోలో పడుతుంది, రాత్రి ఎనిమిదింటికి వాటర్ పంపు పోతే మర్నాడు పొద్దున తిరుపతిలోనే దొరుకుతుంది. అంబాసిడర్ కన్నా మోజు తక్కువ కావచ్చు, కానీ సగంలో ఆగిన అంబాసిడర్ కన్నా నడిచే 800 మేలు.

దీనికీ తుప్పు ఉంది: వెనక చక్రాల వంపు, ముందు సస్పెన్షన్ పైన కూర్చునే చోటు, డ్రైవరు కాళ్ల కింద. రేకు పల్చన కాబట్టి చేతిలో ఆర్క్ వెల్డింగ్ ఉంది కదా అని మొదలుపెడితే ప్యాచ్ వేయబోయి కన్నం పెద్దది చేస్తారు. రేకు పని గ్యాస్ వెల్డింగ్, మిగ్ వెల్డింగ్ చేసే టింకరింగ్ వాళ్లకే వదలండి. ఇంకోటి, ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చిన తర్వాతి 800 కొనొద్దు, అది మంచి సెకండ్‌హ్యాండ్ కారే గానీ ఈ పనికి వచ్చిన బండి కాదు, ఎలక్ట్రికల్‌తో కుస్తీ తప్ప నేర్చుకునేది ఉండదు.

జీపు

పని పరంగా ఇదే సులువు. నిచ్చెన లాంటి ఛాసిస్, దాని మీద బోల్టులతో బాడీ, చదును రేకులు. ఫుట్‌బోర్డు పోతే టింకరింగ్ షాపులో కొత్తది మడిచి ఇస్తారు. పొలానికి, మామిడి తోటకు వాడుకునేవాళ్లకు పని కూడా చేసిపెడుతుంది.

కాగితాలే గండం. చాలా జీపులకు ఇంజిన్ మారింది, బాడీ మారింది, ఛాసిస్ పొడుగు తగ్గింది, ఆర్‌సీలో మాత్రం పాతదే ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అనుమతి లేకుండా బండి అసలు లక్షణాలు మార్చకూడదు. రెన్యువల్‌కు తీసుకెళ్లిన రోజు ఇంజిన్ నంబరు కలవకపోతే మీ ఆరు నెలల కష్టం గేటు దగ్గరే ఆగుతుంది. కొనే ముందు ఛాసిస్ నంబరు మీద మట్టి గీకి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, అచ్చు తీసుకుని ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. నంబరు చుట్టూ కొత్త వెల్డింగ్ కనిపిస్తే బేరమే వద్దు.

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉండి, పోర్టికోలో ఒక్క బండి చోటు మాత్రమే ఉండి, ఇదివరకు స్పానర్ పట్టనివాళ్లకు 800. సొంత స్థలం, పెద్ద షెడ్డు, సాయానికి తమ్ముడో బావమరిదో ఉంటే, ఏడాదిన్నర పట్టినా టెన్షన్ పడని వాళ్లకు అంబాసిడర్. నెలకు ఒకసారైనా చెన్నై వెళ్లే ఉద్యోగం, వస్తువుల కోసం వెతకడంలోనే ఆనందం ఉన్నవాళ్లకు పద్మిని. తోట ఉన్నవాళ్లకు జీపు, కాగితాలు శుభ్రంగా ఉంటేనే. "ఘాట్ రోడ్డు మీద సొంత పాత కారు నడపాలి" అన్న ఒక్క కోరికతో కొనేవాళ్లు ఏ బండి తీసుకున్నా ముందు బ్రేకులు, రేడియేటర్ పూర్తిగా చేయించుకోండి. వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కిట్లు, హోస్ పైపులు అన్నీ కొత్తవి, ఘాట్ దిగుతూ పాత రబ్బరును నమ్మకూడదు. నాలుగింట్లో ఏ బండి అయినా డబ్బు ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే, పెయింట్ కాదు.

డబ్బు పంచుకోవడంలో నా లెక్క మొరటుది: మొత్తంలో మూడో వంతుకు మించి బండి ధర ఉండకూడదు, ఇంకో మూడో వంతు రేకు, పెయింట్, మిగిలినది ఇంజిన్, బ్రేకులు, టైర్లు, కాగితాలకు. పద్మినికి మాత్రం రేకు వాటాలోంచి కొంత తీసి క్రోమ్‌కు పక్కన పెట్టండి.

ఇంట్లో ఏది, షాపులో ఏది

ఊడదీయడం, కడగడం, తుప్పు గీకడం, బ్రేకు కిట్లు, కార్బరేటర్, వైరింగ్, సీట్ల కింద పట్టీలు ఇంట్లో. రీబోర్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ లేత్ షాపులో. వెల్డింగ్ టింకరింగ్ వాళ్ల దగ్గర, కానీ బాగుచేయాల్సిన చోటల్లా మీరే పాత పెయింట్, పుట్టీ గీకి బయట పెట్టి తీసుకెళ్లండి, కూలీలో చాలా తగ్గుతుంది, పైగా వాళ్లు ఏం కప్పారో మీకు తెలుస్తుంది. బండి కింద దూరేటప్పుడు జాకీ మీద గానీ ఇటుకల మీద గానీ వదలకండి. ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. రెండు జతల ఇనుప స్టాండ్లు ఏ వెల్డింగ్ షాపులోనైనా చేసిస్తారు.

పెయింట్ దగ్గర రెండు దారులు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ చిన్న కంప్రెసర్‌తో ఇంటి దగ్గరే కొట్టొచ్చు, త్వరగా ఆరుతుంది, పొర తప్పు పడితే రుద్ది మళ్లీ కొట్టొచ్చు, చవక. మెరుపు కోసం చేతులు నొప్పి పుట్టేలా పాలిష్ చేయాలి, కొన్నేళ్లకు మసకబారుతుంది. పీయూ (పాలీయురెథేన్) పెయింట్ గట్టిది, మెరుపు నిలుస్తుంది, కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని కొట్టే పెయింట్ కాదు, ఊపిరితిత్తులు పాడవుతాయి. పీయూ కావాలంటే బూత్ ఉన్న షాపులోనే. ఇక ఎన్‌సీ ఏ నెలలో కొడతారన్నదీ ముఖ్యం. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ తేమలో కొడితే ఆరేటప్పుడు పైన తెల్లటి మసక పొర కడుతుంది. మే ఎండలో కొడితే పెయింట్ రేకు మీద పడకముందే థిన్నర్ ఆవిరైపోయి గరుకు గరుకుగా దిగుతుంది. సంక్రాంతి వెళ్లాక, శివరాత్రి అటూ ఇటూ, పొద్దున పదింటి లోపు కొట్టండి.

పాత పెట్రోల్ బండ్లన్నిటికీ వర్తించే ఇంకో సంగతి: ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు పైపులు, ఏసీ పంపు (ట్యాంకు నుంచి పెట్రోల్ లాగేది) డయాఫ్రమ్, కార్క్ గ్యాస్కెట్లు దానికి మెత్తబడి ఊడతాయి, ట్యాంకులో నెలల తరబడి వదిలితే తేమ పీల్చి లోపల తుప్పు పట్టిస్తుంది. పైపులు ఇథనాల్‌కు తట్టుకునేవి అడిగి కొనండి, బండి పనిలో ఉన్నన్నాళ్లు ట్యాంకు ఖాళీగా ఉంచండి.

పెరట్లో తాతగారి కారు ఇప్పటికే ఉన్నవాళ్లకు ఈ పోలికంతా అక్కర్లేదు, వాళ్ల ఎంపిక అయిపోయింది. వాళ్లు చేయకూడనిది ఒక్కటే, బ్యాటరీ తెచ్చి పెట్టి నేరుగా సెల్ఫ్ కొట్టడం. ముందు ట్యాంకులో పాత పెట్రోల్ అంతా దించేయండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత ప్లగ్గులు బయటే ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు పుల్లీ నట్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పండి. పూర్తి చుట్టు తిరిగితే పాత ఆయిల్ మార్చి, కొత్త ఆయిల్ పోసి, అప్పుడు బ్యాటరీ పెట్టండి. తిరగకపోతే బలవంతం చేయకుండా ఇంకొంచెం ఆయిల్ పోసి మళ్లీ ఆదివారం చూడండి.